పిల్లల ప్రశ్నకు బడిలో చోటు
(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్సు చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని ట్రస్టు వారు నన్ను అడిగారు. నేను చదివింది కామర్సు, చేసింది బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. అందుచేత సైన్సు పాఠం చెప్పే సాహసం చేయను. ఆ పాఠం చెప్పే ఉపాధ్యాయులకు మనం ఎలా తోడుపడగలమో, అది మాత్రం మీతో పంచుకుంటాను.

నేను చెప్పదలచింది ఒక్కటే మాట. పిల్లవాడు ప్రశ్న అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పి కూర్చోబెట్టడం కంటే, ఆ జవాబును వాడే వెతుక్కునే దారి చూపడం మేలు. కానీ ఈ పని మాస్టారు ఒక్కరి వల్ల అయ్యేది కాదు. తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, పెద్దలు అండగా నిలవాలి. మార్కులు తప్ప మరేమీ అడగని ఊళ్ళో మాస్టారు మార్కులు తప్ప మరేమీ ఇవ్వలేరు.

మన కాళ్ళ కింద జరిగిన సైన్సు

కోలారు బంగారు గనులంటే మనకు బంగారమే గుర్తుకొస్తుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ రావడం, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు రావడం, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడటం మన ఇళ్ళలో అందరికీ తెలిసిన కథే. అదే గనిలో ప్రపంచమంతా గుర్తించిన సైన్సు కూడా జరిగిందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు ఎప్పుడూ భూమి మీద పడుతూనే ఉంటాయి. నేలలోకి ఎంత లోతుకు పోతే వాటి జాడ ఎంత తగ్గుతుంది? ఈ ప్రశ్నతో 1951లో హోమీ భాభా తన శిష్యుడు బి.వి. శ్రీకంఠన్‌ను మన గనులకు పంపారు. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు కార్మికులు దిగే దారినే దిగి, ఒక్కొక్క మట్టంలో పరికరాలు పెట్టి కణాలను లెక్కపెట్టారు. లోతు పెరిగే కొద్దీ లెక్క తగ్గింది. 1960 దశకం మొదట్లో మియాకె, నరసింహం, రమణమూర్తి అనే శాస్త్రవేత్తలు 2,700 మీటర్లకు పైగా లోతున పరికరం పెట్టి సుమారు రెండు నెలలు చూశారు. ఒక్క కణం కూడా రాలేదు.

మన పిల్లవాడి రికార్డు పుస్తకంలో సున్నా వస్తే ప్రయోగం చెడిపోయిందంటాం. వారు అలా అనుకోలేదు. ఇంత నిశ్శబ్దంగా ఉన్న చోటైతే, ఎంత రాయినైనా దాటుకొని వచ్చే న్యూట్రినోలను పట్టుకోవచ్చు కదా అని ఆలోచించారు. టాటా ఇన్‌స్టిట్యూట్, జపానులోని ఒసాకా, ఇంగ్లాండులోని డర్హమ్ విశ్వవిద్యాలయాల వారు కలిసి చాంపియన్ రీఫ్ గనిలో సుమారు 7,600 అడుగుల లోతున పరికరాలు అమర్చారు. 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ అక్కడ దొరికింది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో కూడా మరో బృందానికి దొరికింది. ప్రపంచంలో ఈ సంగతిని తొలిసారిగా పట్టుకున్న రెండు చోట్లలో మన ఊరొకటి.

ఆ తరువాత 1980 దశకంలో ఇంకో ప్రశ్న పుట్టింది. ప్రోటాన్ అనే కణం ఎప్పటికైనా విరిగిపోతుందా? దానికోసం ఇనుప పలకలతో 140 టన్నుల పరికరాన్ని గనిలో కట్టారు. అలాంటివేమోననిపించిన సంఘటనలు కొన్ని కనిపించినా, మరే దేశంలోనూ అవి రుజువు కాలేదు. ఆ ప్రశ్నకు నేటికీ జవాబు దొరకలేదు. అయినా ఆ శ్రమను ఎవరూ వృథా అనలేదు. పిల్లలూ, మీరు ఇక్కడ గమనించవలసింది ఈ వరస. ఒక ప్రశ్న, ఒక కొలత, ఆ కొలత నుంచి మరో ప్రశ్న. సైన్సు అంటే ఈ వరసే. పుస్తకంలో ఉండేది దాని ఫలితం మాత్రమే.

గౌరిబిదనూరు హొసూరు నుంచి

మన జిల్లా మనిషి గురించి కూడా చెప్పాలి. డాక్టర్ హెచ్. నరసింహయ్యగారు 1920 జూన్ 6న గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పేద కుటుంబంలో పుట్టారు. అప్పట్లో అది కోలారు జిల్లా. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వెళ్ళింది. హైస్కూలు చదువు కోసం ఆ పిల్లవాడు కాలినడకన బెంగళూరు చేరాడు. 1942 ఉద్యమంలో చదువు మాని జైలుకు వెళ్ళి, తిరిగి వచ్చి భౌతికశాస్త్రం పూర్తిచేశాడు. నేషనల్ కాలేజీలో అధ్యాపకులై, అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేటు తెచ్చుకొని, మళ్ళీ అదే కాలేజీకి వచ్చి ప్రిన్సిపాలయ్యారు. బెంగళూరు యూనివర్సిటీ వైస్ చాన్సలరుగా పనిచేశారు. 1984లో పద్మభూషణ్ వచ్చింది. ఇంత పెద్ద పదవులు చేసినా పెళ్ళి చేసుకోకుండా, కాలేజీ హాస్టలు గదిలోనే ఉంటూ 2005 జనవరి 31న కన్నుమూశారు.

ఆయన 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించారు. పెద్ద శాస్త్రవేత్తలను పిలిచి మామూలు జనం ముందు మాట్లాడించడం, జనం చేత ప్రశ్నలు అడిగించడం దాని పని. గౌరిబిదనూరు, బాగేపల్లి వంటి వెనుకబడిన చోట్ల కాలేజీలు తెరిపించారు. ఏ మాటనైనా ప్రశ్నించాకే నమ్మాలన్నది ఆయన జీవితాంతం చెప్పిన పాఠం. ఇందులో పెద్దలను ఎదిరించమన్న అర్థం లేదు. “ఎట్లా తెలిసింది?” అని వినయంగా అడగవచ్చునన్న ధైర్యం ఉంది. మన పిల్లలకు కావలసింది ఆ ధైర్యమే.

పప్పు ఉడకని నీళ్ళు

ఇప్పుడు మన బడిలోకి వద్దాం. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఇలా అడిగిందనుకుందాం: “మిస్, మా బోరు నీళ్ళకు పప్పు ఉడకదు అంటుంది మా అమ్మ. ఎందుకు?” మన జిల్లాలో ఈ మాట వినని ఇల్లు ఉండదు.

టీచరమ్మ రెండు విధాలుగా చేయవచ్చు. “అది కఠిన జలం, అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి, రాసుకోండి” అని ఒక్క నిమిషంలో ముగించవచ్చు. అది తప్పు జవాబు కాదు. కానీ తరగతిలో ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. లేదా, “నిజంగానే ఉడకదా? ఎట్లా తెలుసుకుందాం?” అని తిరిగి పిల్లలనే అడగవచ్చు.

అప్పుడు చూడండి తరగతి ఎట్లా కదులుతుందో. ఒకరు వాన నీళ్ళు తెస్తామంటారు, ఒకరు బోరు నీళ్ళు, ఒకరు కొళాయి నీళ్ళు, ఒకరు ఊళ్ళోని శుద్ధి నీటి కేంద్రం నీళ్ళు. అన్ని గిన్నెల్లో ఒకే కొలత పప్పు, ఒకే కొలత నీళ్ళు, ఒకే మంట ఉండాలి. మారేది నీళ్ళు మాత్రమే. మధ్యాహ్న భోజనం వండే అమ్మ చేత వండించి, అయిదు నిమిషాలకొకసారి ఒక బద్ద తీసి నొక్కి చూసి రాసుకోవాలి. మంట దగ్గరికి పిల్లలు పోకూడదు. ఆ పని పెద్దలదే. చూడటం, రాయడం పిల్లలది.

ఇంతలో ఒక పిల్లవాడు, “మా ఇంట్లో పప్పు పాతది, అది ఏ నీళ్ళకూ ఉడకదు” అంటాడు. అదీ నిజమే. ఎక్కువకాలం నిలవ ఉన్న పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. అంటే పప్పు కూడా అందరికీ ఒక్క సంచిలోదే కావాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలన్న సూత్రం ఎవరూ బోర్డు మీద రాయకుండానే తరగతికి తెలిసిపోయింది.

దీనికి జతగా ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఖర్చు దాదాపు లేదు. ఒంటి సబ్బు తురిమి వాన నీటిలో కలిపి పెట్టుకోవాలి. బట్టల పౌడరు పనికిరాదు, అది కఠిన జలంలో కూడా నురగనిస్తుంది. ఒకే సైజు సీసాల్లో రకరకాల నీళ్ళు సమానంగా పోసి, సబ్బు నీళ్ళు ఒక్కొక్క చుక్క వేస్తూ, మూత పెట్టి కుదిపి, నురగ నిలవడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టాలి. ఎక్కువ చుక్కలు పట్టిన నీళ్ళు ఎక్కువ కఠినమైనవి. పప్పు ఆలస్యంగా ఉడికిన నీళ్ళూ, చుక్కలు ఎక్కువ పట్టిన నీళ్ళూ ఒకటేనా అని పిల్లలు పోల్చుకుంటారు. ఆ తరువాత టీచరమ్మ కాల్షియం, మెగ్నీషియం గురించి చెప్పి, అవి పప్పులోని పెక్టిన్‌ను బిగపట్టి మెత్తబడనివ్వవని వివరిస్తే ఆ పాఠం ఇక మరిచిపోరు.

ఈ పరీక్ష ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. మన జిల్లాలో చాలా ఊళ్ళ బోరు నీటిలో ఫ్లోరైడు ఉంది. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. సబ్బు నురగ దాని సంగతి చెప్పదు. దానికి నీళ్ళు పరీక్షా కేంద్రానికి పంపవలసిందే. మన కొలత ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలియడం కూడా సైన్సే.

ఇంకో మాట. కె.జి.ఎఫ్. పిల్లలకు సైనైడు దిబ్బల మీద, పాత షాఫ్టుల మీద కుతూహలం ఉండటం సహజం. ప్రశ్న అడగండి, పెద్దలతో చర్చించండి. ఆ మట్టి తేవడానికి, షాఫ్టుల దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఎవరూ పోకూడదు. ప్రాణం మీదికి తెచ్చే పరిశోధన మనకు వద్దు.

మరో సులువైన పని. బడి మైదానంలో నిటారుగా ఒక కర్ర పాతి, దాని నీడను రోజూ మధ్యాహ్నం కొలవండి. మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ నడినెత్తినే ఉంటాడని పెద్దలం కూడా అనుకుంటాం. మన ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లే, ఏప్రిల్ 24, 25 ప్రాంతంలోనూ ఆగస్టు 18 ప్రాంతంలోనూ, పన్నెండుంబావు దాటాక ఆ కర్రకు నీడ ఉండదు. ఏప్రిల్‌లో సెలవులు, ఆగస్టులో మబ్బులు. అయినా ముందు నుంచి కొలుస్తూ వచ్చిన పిల్లలు ఆ రోజును తామే లెక్కకట్టగలరు.

రికార్డు పుస్తకంలో నిజం

ఇక్కడ నా ఉద్యోగానికి సంబంధించిన ఒక మాట చెప్పుకోనివ్వండి. బ్యాంకులో సాయంత్రం పద్దు కలవాలి. కలవకపోతే ఒక్కొక్క వోచరూ తిరగేసి తేడా ఎక్కడుందో వెతుకుతాం. కలవలేదు కదా అని అంకె దిద్దితే దాన్ని మోసం అంటారు, ఉద్యోగం పోతుంది.

కానీ సైన్సు రికార్డు పుస్తకాల్లో ఏం జరుగుతోంది? పోయిన ఏడాది పిల్లల రికార్డు చూసి ఈ ఏడాది పిల్లలు రాస్తారు. కొలత వేరుగా వస్తే పుస్తకంలో ఉన్న అంకె వేస్తారు. చాలా ఇళ్ళలో ఇది మనకు తెలుసు, తెలిసీ ఊరుకుంటాం. ఎందుకంటే మార్కులు ఆ అంకెకే వస్తాయి. పిల్లవాడికి ఇక్కడ అబ్బేది సైన్సు కాదు, దొంగ పద్దు రాయడం. వేరే అంకె వచ్చిన పిల్లవాడిని “ఎందుకు వేరుగా వచ్చింది? మళ్ళీ చేద్దామా?” అని అడిగే ఉపాధ్యాయుడికి మనం చేతులెత్తి నమస్కరించాలి. గనిలో వచ్చిన సున్నాను ఆ శాస్త్రవేత్తలు దిద్ది ఉంటే న్యూట్రినో ప్రయోగం ఆలోచన ఎక్కడి నుంచి వచ్చేది?

ఉపాధ్యాయులకు కావలసినవి

ఇదంతా చెప్పడం తేలిక. తరగతిలో యాభై మంది పిల్లలు, పూర్తిచేయవలసిన సిలబసు, మధ్యలో ఎన్నికల పని, జనగణన పని. ఉపాధ్యాయుల కష్టం చిన్నది కాదు. అందుకే ఇదివరకు చేసి చూసిన వారి అనుభవం మనకు అవసరం.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో ఒక కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు మొదలుపెట్టాయి. టాటా ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ విశ్వవిద్యాలయం వారు సాయపడ్డారు. తరువాత ఏకలవ్య సంస్థ నడిపింది. మామూలు ప్రభుత్వ బడుల్లో పిల్లలే ప్రయోగాలు చేసి, తామే నిర్ణయానికి వచ్చేవారు. పరీక్షలో పుస్తకం చూసుకోవచ్చు, ప్రయోగం చేసి చూపాలి. పిల్లలు తమ ప్రశ్నలను “సవాలీరామ్” అనే కల్పిత పాత్రకు ఉత్తరాలుగా రాసేవారు, జవాబులు వచ్చేవి. ఉపాధ్యాయులు నెలకోసారి కలిసి తమ ఇబ్బందులు చెప్పుకునేవారు. అది సుమారు వెయ్యి బడులకు పాకింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపివేసింది. ముప్పై ఏళ్ళు నడిచినదాన్ని కూడా ఒక ఉత్తర్వుతో ఆపవచ్చు. సమాజం అండ ఎందుకు కావాలో ఇది చెబుతుంది.

దగ్గరలో చూడాలంటే బంగారుపేటలో రైలెక్కి కుప్పం దిగండి. గుడుపల్లి మండలంలో అగస్త్య ఫౌండేషన్ ఉంది. 1999లో దాన్ని స్థాపించిన రామ్‌జీ రాఘవన్‌గారు బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చినవారు. చవక వస్తువులతో చేసిన ప్రయోగ నమూనాలను వ్యానుల్లో పల్లె బడులకు తీసుకుపోతారు. పిల్లల చేతనే తోటి పిల్లలకు చెప్పిస్తారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తారు.

ఈ అనుభవాల నుంచి మన ఉపాధ్యాయులకు మూడు చిన్న పద్ధతులు మనవి చేస్తాను. మొదటిది, ప్రశ్న అడిగాక కాస్త ఆగడం. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970 దశకంలో తరగతులను గమనించి చూస్తే, ఉపాధ్యాయులు ప్రశ్న వేసి ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగిన చోట పిల్లల జవాబులు పెరిగాయి, ప్రశ్నలూ పెరిగాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండవది, తరగతిలో ఒక ప్రశ్నల డబ్బా. పదిహేను రోజులకొక పీరియడులో అది విప్పి ప్రశ్నలను మూడు రకాలుగా విడదీయాలి. పుస్తకంలో దొరికేవి, పెద్దలను అడిగితే తెలిసేవి, కొలిచి చూడవలసినవి. మూడో రకంలో ఒక్కటి తీసుకుంటే చాలు.

మూడవది, భాష. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడమో ఇంగ్లీషో మాట్లాడతారు. ప్రశ్న పుట్టేది ఇంటి భాషలో. “ఇంగ్లీషులో అడుగు” అంటే ఆ ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. ముందు వచ్చిన భాషలో అడగనివ్వండి, శాస్త్ర పదం తరువాత నేర్పండి.

మనం చేయవలసింది

తల్లిదండ్రులారా, మీ మనసులో ఉన్న మాట నాకు తెలుసు. గనులు మూతపడ్డాక ఈ ఊళ్ళో తండ్రి పని కొడుకుకు వచ్చే కాలం పోయింది. తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి ఇల్లు చేరే బతుకులు మనవి. మార్కులు లేకపోతే సీటు లేదు, సీటు లేకపోతే ఉద్యోగం లేదు. ప్రశ్నలతో కడుపు నిండుతుందా అని మీరడిగితే తప్పులేదు.

మార్కులు వద్దని నేను అనను. పప్పు పరీక్ష చేసిన పిల్ల కఠిన జలం మీద ప్రశ్న వస్తే బట్టీపట్టిన పిల్ల కంటే తక్కువ రాయదు. అంతకంటే ముఖ్యం, చేసే పని మారిపోయినప్పుడు కొత్త పని నేర్చుకోగల శక్తి ఆమెకు ఉంటుంది. ఒకే పని నమ్ముకున్న ఊరికి ఏమవుతుందో మనకంటే తెలిసినవారు లేరు.

అందుకని సాయంత్రం బిడ్డ బడి నుంచి వచ్చాక “ఎన్ని మార్కులు?” అన్న ప్రశ్నతో పాటు “ఈ రోజు ఏం అడిగావు?” అని కూడా అడగండి. మాస్టారు “నాకూ తెలియదు, కలిసి చూద్దాం” అన్నారని బిడ్డ చెబితే చులకన చేయకండి. అది నిజాయితీ గల ఉపాధ్యాయుడి మాట.

ట్రస్టు పెద్దలకు మూడు విన్నపాలు. ఉపకార వేతనం దరఖాస్తుతో పాటు, విద్యార్థి తాను అడిగిన ఒక ప్రశ్న, దానికోసం చేసిన ప్రయత్నం గురించి ఒక పేజీ రాయించండి. అది ఏ భాషలోనైనా సరే, జవాబు దొరకకపోయినా సరే. మంచివాటిని ఈ సంచికలోనే అచ్చువేయండి. రెండవది, అడిగిన ఉపాధ్యాయులకు సీసాలు, కొలపాత్రలు, థర్మామీటరు, భూతద్దం వంటివి ఒక పెట్టెలో పెట్టి ఇవ్వండి. మూడవది, మన హాలు నెలకొక ఆదివారం ఖాళీగా ఉంటే, సైన్సు ఉపాధ్యాయులు కలుసుకొని మాట్లాడుకోవడానికి ఇవ్వండి. టీ ఖర్చు నేను పెట్టుకుంటాను.

విద్యార్థులారా, ఈ రోజు మీరు అందుకున్న చెక్కు ఫీజు కింద చెల్లిపోతుంది. అడిగే అలవాటు మాత్రం మీతోనే ఉంటుంది. రేపు బడికి వెళ్ళి మీ మాస్టారిని మర్యాదగా ఒక ప్రశ్న అడగండి. ఆయన తిరిగి మిమ్మల్నే అడిగితే సంతోషించండి.